అమ్మ బైండులు, మరిది రికార్డులు

మా చెల్లి పురిటికి స్టాక్‌హోమ్ వెళ్ళొచ్చి ఏడాది కావస్తోంది. "మంచు చూశావా? అర్ధరాత్రి వెలుతురు చూశావా?" అని కనిపించిన వాళ్ళంతా అడిగారు. నేను వెళ్ళింది మే నెలాఖర్లో, మంచు లేదు. వెలుతురు మాత్రం చూశాను, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకున్నాను. కానీ ఆ మూడు నెలల్లో నేను ఎక్కువగా చూసిందీ, విన్నదీ, విసుక్కున్నదీ, చివరికి తలుచుకుని ఏడ్చిందీ వేరే ఉంది. పాత రికార్డులు. ఒకప్పుడు మన ఇళ్ళలో ఉండే పెద్ద నల్ల పళ్ళేల్లాంటి ఎల్పీ రికార్డులే. స్వీడన్ రాక్ బ్యాండులవి, యాభై ఏళ్ళ నాటివి, అక్కడివాళ్ళలోనే చాలామందికి పేరు తెలియనివి.

అమ్మ ఉంటే పురిటికి అమ్మే వెళ్ళేది. అమ్మ పోయి నాలుగేళ్ళు. అందుకని పిల్లాణ్ణి, వాళ్ళ నాన్నని ఉప్మాకీ హోటల్ కూరలకీ వదిలేసి, శొంఠి, వాము, వెల్లుల్లి కారం, పాత చీరల గుడ్డలు సర్దుకుని నేను బయల్దేరాను.

వెళ్ళిన మూడో రోజు. పెరుగు తెస్తానని బయటికెళ్ళిన మరిది, పెరుగుతో పాటు చంకలో ఒక పలచటి చదరపు అట్టపెట్టెతో వచ్చాడు. చెప్పులు విప్పకుండానే చెల్లి పట్టుకుంది.

"ఏమిటది?"

"ఏం లేదు, చిన్నదే."

"ఎంత?"

"మూడు వేలు."

క్రోనార్లు. నేను మనసులో ఎనిమిదితో హెచ్చవేసుకున్నాను. ఇరవై నాలుగు వేలు! తొమ్మిది నెలల పొట్టతో సోఫాలో కూర్చున్న చెల్లి నా వైపు తిరిగింది. "చూశావా అక్కా? పుట్టబోయే పిల్లకి తోపుడు బండి కొత్తది అక్కర్లేదు, సెకండ్ హ్యాండ్ చాలన్నారు. ఈయనకి మాత్రం మూడు వేలు పెట్టి పాట."

మరిది నెమ్మదిగా అన్నాడు, "ఇది కూడా సెకండ్ హ్యాండేగా."

మగవాళ్ళకి ఇలాంటి జవాబులు ఎవరు నేర్పుతారో తెలీదు. ఆ పూట ఇంట్లో ఇంకెవరూ మాట్లాడుకోలేదు. పెరుగన్నం మాత్రం తిన్నాం.

మరిది చెడ్డవాడు కాదు. తాగడు, తిరగడు. వరంగల్ వైపు కుర్రాడు, చదువుకోడానికి వెళ్ళి కిస్టాలో ఉద్యోగం దొరికి అక్కడే స్థిరపడ్డాడు. మొదటి చలికాలం ఒక్కడే ఉన్నాడట. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం మూడింటికల్లా చీకటి పడిపోతుంది. ఆ గదిలో అంతకుముందున్నవాడు ఖాళీ చేస్తూ ఒక పాత రికార్డు ప్లేయరూ, ఓ పెట్టెడు రికార్డులూ వదిలేసి వెళ్ళాడట. భాష రాదు, మనుషులు తెలీదు, ఆ రికార్డులు పెట్టుకుని చలికాలం గడిపానని చెప్పాడు. అప్పుడు అంటుకుంది. నేను వెళ్ళేటప్పటికి హాల్లో గోడంతా అవే.

"ఆయనకి నువ్వు చెప్పు అక్కా, నీ మాట వింటారు" అని చెల్లి నాకు పని అప్పజెప్పింది. సరే, తిట్టాలంటే ముందు విషయం తెలియాలి కదా అని నేను వినడం మొదలుపెట్టాను. అదే నా పొరపాటేమో.

జూన్ మధ్యలో బాబు పుట్టాడు. పగలంతా నిద్ర, రాత్రంతా జాగారం. చెల్లిని కాస్త పడుకోనిచ్చి నేనూ మరిదీ వంతులేసుకుని హాల్లో ఎత్తుకు తిప్పేవాళ్ళం. రాత్రి రెండింటికి కూడా ఆకాశం పూర్తిగా నల్లబడదు, పలచటి నీలంగా ఉంటుంది. ఒక రాత్రి మరిది, బాబు నిద్రపోవడానికని, ఆ మూడు వేల రికార్డు తీసి సన్నగా పెట్టాడు.

రాక్ అంటే నేను కేకలూ, డ్రమ్ముల మోతా అనుకున్నాను. ఇది అలా లేదు. ఒకటే వరస, మళ్ళీ అదే వరస. గిటారు, దాని వెనక చెల్లో. మా ఊరి రామాలయంలో ఏకాహం నాటి రాత్రి, మూడో జాము దాటాక భజన ఎలా ఉంటుందో అలా. పాడేవాళ్ళు పాట సంగతి మర్చిపోయి తాళం మీద నడుస్తుంటారు చూడండి, అలా. బాబు నిద్రపోయాడు.

"ఏమిటి దీని పేరు?"

"హేమోత్, వదినా. అంటే ఇంటివైపు అని అర్థం."

తెలుగు బి.ఏ. చదివినదాన్ని. పేర్లకి అర్థం చెబితే చాలు, నన్ను పట్టుకున్నట్టే. ఆ రాత్రి నుంచి ఒక్కో అట్టా తీయించి దీని అర్థం ఏమిటి, దీని అర్థం ఏమిటి అని అడగడం మొదలుపెట్టాను. ఒక బ్యాండు పేరు 'దుప్పుల తోట'. ఇంకోటి 'ముప్పయ్యేళ్ళ యుద్ధం'. ఇంకోటి 'మాంసం మాడుతోంది'. ఒకళ్ళ పేరయితే ఇంగ్లీషులోనే బేబీ గ్రాండ్‌మదర్స్. పసి అమ్మమ్మలు! ఆ కుర్రాళ్ళు ఉన్న కాలంలో బయటికొచ్చింది 1968లో ఫిన్లాండులో వేసిన ఒకే ఒక్క చిన్న రికార్డు, రెండు పాటలు. అంతే. జిమి హెండ్రిక్స్ అంతటివాడి కచేరీకి ముందు వాయించినవాళ్ళు, రెండు పాటలు మిగిల్చి విడిపోయారు. మిగతా టేపులు బయటికొచ్చేసరికి 2007.

ఇక ఈ హేమోత్ పాడినవాళ్ళ కథ. 1967లో మొదలైనప్పుడు వీళ్ళ పేరు పేర్షొన్ సౌండ్. తర్వాత ఇంటర్నేషనల్ హార్వెస్టర్. తర్వాత ఉత్త హార్వెస్టర్. ఈ పేరు మీదే 1969లో 'ఇంటివైపు' వచ్చింది. ఆ తర్వాత 'త్రేద్, గ్రేస్ ఒక్ స్తేనర్', అంటే చెట్లు, గడ్డి, రాళ్ళు. పెళ్ళయితే ఆడపిల్లకి ఒక్కసారే ఇంటిపేరు మారుతుంది, వీళ్ళకి కొద్ది ఏళ్ళలోనే నాలుగు పేర్లు.

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనగానే నేను ఉలిక్కిపడ్డాను. అది ట్రాక్టర్లు చేసే అమెరికా కంపెనీ పేరు. 1963లో మన మహీంద్రావాళ్ళు ట్రాక్టర్లు మొదలుపెట్టింది వాళ్ళతో కలిసే. మా పెదనాన్నగారి ఎర్ర ట్రాక్టరుని ఆయన చనిపోయేదాకా మహీంద్రా అనలేదు, "ఇంటర్నేషనల్ తీయరా" అనేవారు. నేనూ చెల్లీ దాని మడ్‌గార్డు మీద కూర్చుని పొలానికి వెళ్ళేవాళ్ళం. చెట్లూ గడ్డీ అని పాడుకునే కుర్రాళ్ళు ట్రాక్టర్ల కంపెనీ పేరు పెట్టుకోవడంలో వాళ్ళ ఎకసెక్కం వాళ్ళది. నాకు మాత్రం స్టాక్‌హోమ్‌లో రాత్రి రెండింటికి మా పెదనాన్న గొంతు వినబడింది.

వాళ్ళ మొదటి రూపం, ఆ పేర్షొన్ సౌండ్, బతికున్న రోజుల్లో ఒక్క ఆల్బమూ వేయలేదు. ఎక్కడెక్కడో దాచి ఉంచిన టేపులు 2001లో వెలుగు చూశాయి. ముప్పయ్యేళ్ళు పైగా ఎవరో ఆ టేపుల్ని పారేయకుండా ఉంచారు. ఎవరి అటక మీదో, ఎవరి మంచం కిందో. వాళ్ళావిడ ఎన్నిసార్లు "ఈ చెత్త తీసేయండి" అని ఉంటుందో అని నేనంటే మరిది గట్టిగా నవ్వాడు. బాబు లేచాడు. మళ్ళీ మొదటికి.

ఈ సంగీతాన్ని వాళ్ళు 'ప్రోగ్గ్' అంటారు. రాసేటప్పుడు చివర రెండు గకారాలు. ఇంగ్లీషువాళ్ళ ప్రోగ్‌కి ఒకటే. "ఓహో, మీది ద్విత్వం!" అన్నాను. ఆ ఒక్క ఒత్తులోనే తేడా అంతా ఉందట. ఇంగ్లీషువాళ్ళది వాయిద్యంలో పాండిత్యానికి సంబంధించినదైతే, ఈ రెండు గకారాలది ఒక ఉద్యమం. పాట సరుకు కాదు, పెద్ద కంపెనీలు అక్కర్లేదు, రాకపోయినా ఫరవాలేదు అందరూ వాయించండి అని మొదలైన ఉద్యమం. 1970 జూన్‌లో స్టాక్‌హోమ్‌లోని యెర్దెత్ అనే పెద్ద మైదానంలో టికెట్టు లేకుండా సంగీతోత్సవం చేశారు. ఆగస్టులో మళ్ళీ చేశారు. ఆ ఏడే సైలెన్స్ అనే చిన్న రికార్డు కంపెనీ మొదలైంది. సంగీతం అమ్ముకునేవాళ్ళు తమకి 'నిశ్శబ్దం' అని పేరు పెట్టుకోవడం చూడండి. దాని మొదటి రోజుల్లోదే బో హాన్సన్ అనే ఆయన 'ఉంగరాల ప్రభువు' నవల చదివి చేసిన ఆల్బమ్. ద్వీపంలో ఒక వేసవి ఇంట్లో కూర్చుని రికార్డు చేశారట. అది రెండేళ్ళకి ఇంగ్లండు కూడా చేరింది. మిగతావాటిలో చాలా భాగం ఎక్కడికీ చేరలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఫిలెమొన్ ఆర్థర్ అండ్ ద డంగ్. డంగ్ అంటే పేడే, మీరు సరిగ్గానే చదివారు. దక్షిణాన స్కోనె ప్రాంతంలోని ఇద్దరు స్నేహితులు ఇంట్లో చేతికి దొరికినవన్నీ వాయిస్తూ పాడుకుని టేపు చేసుకున్నారు. విన్నాను. మా పిల్లాడు రెండేళ్ళప్పుడు నా వంటింట్లో చేసిన కచేరీకి దీనికీ పెద్ద తేడా లేదు. సైలెన్స్‌వాళ్ళు అది రికార్డుగా వేస్తే, 1972 సంవత్సరానికి స్వీడన్‌లో పెద్ద సంగీత పురస్కారం గ్రామిస్ వీళ్ళకే ఇచ్చారు! పెద్ద గొడవైపోయింది. ఆ పురస్కారమే ఆగిపోయి, మళ్ళీ 1987లో గానీ మొదలవలేదు. ఆ ఇద్దరూ మాత్రం మేమే అని పేర్లు చెప్పుకుని ముందుకి రాలేదు. మన దగ్గర చిన్న బహుమతొస్తే ఫ్లెక్సీ కడతాం.

జులైలో ఒక ఆదివారం, బాబుని ఆ సెకండ్ హ్యాండ్ బండిలో పడుకోబెట్టి, మెట్రోలో వెళ్ళి రైలు మారి యెర్దెత్ మైదానం చూసొచ్చాం. ఏముంది, గడ్డి. పెద్ద మైదానం, దూరంగా ఒక పొడుగాటి టవరు. కుక్కల్ని తిప్పుకునేవాళ్ళు. ఒక్క గుర్తు కూడా నాకు కనబడలేదు. మరిది మాత్రం తిరుపతి వెళ్ళినట్టు నడిచాడు.

అక్కడ గడ్డిలో కూర్చుని పులిహోర తింటుంటే చెల్లి అడిగింది. "స్వీడన్ అంటే ప్రపంచమంతా ఆబా పాటలు వింటుంది. మీకు ఈ పాడు గోలే దొరికిందా?"

ఆబా సంగతి కూడా ఈ కథలోదే. 1974లో ఆబా యూరోవిజన్ పోటీ గెలిచింది. గెలిచిన దేశమే మరుసటి ఏడు పోటీ పెట్టాలి కాబట్టి 1975లో అది స్టాక్‌హోమ్‌కి వచ్చింది. ఈ రెండు గకారాలవాళ్ళు ఊరుకోలేదు, పాటలకి పోటీ ఏమిటి, వ్యాపారం ఏమిటి అని అదే ఊళ్ళో తమ సొంత ఉత్సవం పెట్టారు. 1976లో స్వీడన్ ఆ పోటీకి వెళ్ళనే లేదు. డబ్బు ఖర్చూ, ఈ గొడవా రెండూ కారణాలే.

"అంటే," అంది చెల్లి, "పాట అమ్ముకోకూడదన్నవాళ్ళ పాటని మీరు మూడు వేలకి కొన్నారు."

మరిది చేతిలో పులిహోర అలాగే ఉండిపోయింది. కాసేపటికి, "అవును. ఆ డబ్బులో వాళ్ళకి ఒక్క పైసా వెళ్ళదు కూడా" అన్నాడు. అబద్ధం ఆడలేదు కదా అని నాకు ముచ్చటేసింది.

నేను కూడా ఒక రోజు సూటిగా అడిగాను. "ఇవే పాటలు ఫోన్‌లో ఊరికే వస్తున్నాయి. మళ్ళీ కొత్తగా అచ్చేసిన రికార్డులు కూడా తక్కువలో దొరుకుతాయని మీరే చెప్పారు. మరి పాతదే ఎందుకు మరిదిగారూ?"

ఆయన ఆ హేమోత్ తీసి చూపించాడు. సేకరించేవాళ్ళు మొదట చూసేది పాట కాదు. సూది చివరికొచ్చి ఆగే ఖాళీ జాగాలో సన్నగా గీసిన అంకెలుంటాయి. అది ఏ అచ్చు, ఎన్నోది అనేది వాటిని బట్టి చెబుతారు. మనం గిన్నెల మీద కొట్టించుకునే పేర్లలాంటివన్నమాట. గిన్నె మెరుపు చూసి కాదు, అడుగున పేరు చూసి ఇది అమ్మమ్మది అని చెప్పమూ? తర్వాత గీతలెన్ని, అట్ట మూలలు నలిగాయా, లోపలి కాగితం అసలుదేనా. ఒక్కోదానికి ఒక్కో గ్రేడు. పిల్లకి పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు కూడా ఇంత చూడరు.

ఎందుకంత ఖరీదంటే, పుట్టినవే తక్కువ. చిన్న కంపెనీలు వేసినవి కొద్ది ప్రతులు. కొన్నయితే బ్యాండువాళ్ళే సొంత డబ్బుతో వేసుకుని కచేరీల దగ్గర చేత్తో అమ్మినవి. కొన్నవాళ్ళేమో కుర్రకారు. పార్టీల్లో తొక్కారు, కాఫీ ఒలకబోశారు, ఇళ్ళు మారుతూ పారేశారు. సీడీలొచ్చాక మిగిలినవీ అట్టపెట్టెల్లో సంతకి చేరాయి. అక్కడ అలాంటి పాత సామాన్ల సంతని లోపిస్ అంటారు. మరిదితో రెండుసార్లు వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చుని, క్రిస్మస్ పాటల రికార్డులూ అకార్డియన్ నాట్యాల రికార్డులూ ఒక్కొక్కటే తిప్పుతూ రెండు గంటలు వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. వచ్చేటప్పుడు మొహం మాత్రం వెలిగిపోతోంది.

"పాట కోసమైతే ఫోన్ చాలు వదినా," అన్నాడు ఆ రోజు. హేమోత్ అట్ట వెనక్కి తిప్పాడు. మూల మీద బాల్ పెన్నుతో ఒక అమ్మాయి పేరు, కింద 1970. పక్కన కప్పు పెట్టిన గుండ్రటి మరక. "ఆ అమ్మాయి సొంత డబ్బుతో కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నది ఇదే. ఇన్నేళ్ళు ఎవరో ఒకరు పారేయకుండా ఉంచారు. ఇప్పుడు నా వంతు."

బావుంది గానీ, ఇరవై నాలుగు వేలు అని నా మనసు గొణుగుతూనే ఉంది. నిజం చెప్పొద్దూ, నేను ఒప్పుకోలేదు.

ఆగస్టు మొదటివారం. చెల్లికి నడుం నొప్పి, నిద్ర లేదు, జీతం బదులు వచ్చే ప్రసూతి భత్యం తక్కువ. ఒక సాయంత్రం ఏదో బిల్లు దగ్గర మొదలై పెద్దదైపోయింది. "ఆ గోడ మొత్తం అమ్మేయండి. వీడికి జాగా లేదు ఈ ఇంట్లో" అంది. ఇద్దరూ నా వైపు చూశారు. నేను పెద్దరికం చేశాను. "ఉయ్యాల వేసుకునే ఇంట్లో ఇన్ని పాత సామాన్లు ఎందుకు మరిదిగారూ. ఎంతొస్తే అంతకి ఇచ్చేయండి" అన్నాను.

ఆయన ఎదురు చెప్పలేదు. "సరే వదినా" అన్నాడు. ఆ రాత్రి ముప్పై రికార్డులు కింద పరిచి, ఒక్కోటీ మెత్తటి గుడ్డతో తుడిచి, అమ్మకానికి పెట్టడానికి ఫొటోలు తీస్తూ కూర్చున్నాడు. బాబుని భుజానేసుకుని నేను చూస్తూ ఉన్నాను. గొంతులో ఏదో అడ్డం పడింది. ఎందుకో అప్పుడు ఒప్పుకోలేదు గానీ నాకు తెలుసు.

పొద్దున్నే బాబుకి పాలిస్తూ చెల్లి అంది. "అక్కా, ఈసారి విజయవాడ నుంచి ఎవరైనా వస్తే అమ్మ బైండులు పంపించవే. ఆ అరలు ఎలాగూ ఖాళీ అవుతాయి. వీడు పడుకున్నాక చదువుకుంటాను."

మీలో నా వయసువాళ్ళకి బైండులంటే చెప్పక్కర్లేదు. వారపత్రిక రాగానే సీరియల్ పేజీలు జాగ్రత్తగా పిన్ను లాగి విడదీసి, ఏడాదికి సరిపడా అయ్యాక కుట్టించి, పైన కాలికో అట్ట వేయించేవాళ్ళు మన అమ్మలు. పేజీకి ఒక వైపు కథా, బాపు బొమ్మా ఉంటే రెండో వైపు సగం వారఫలాలో, తలనూనె ప్రకటనో. అవీ చదివేవాళ్ళం. అమ్మ దగ్గర అలాంటివి ఒక ఇనప బీరువాలో అడుగు అరనిండా ఉండేవి. మొదటి పేజీ మీద అమ్మ పేరు, ఊరు, సంవత్సరం.

వాటిల్లో ఒకటి చెల్లిది. అంటే, చెల్లి పుట్టిన వారం అమ్మ ఆస్పత్రిలో ఉంది, ఆ సంచిక ఎవరూ కొనలేదు. సీరియల్‌లో ఒక భాగం పోయింది. పక్కింటావిడ వచ్చి ఆ వారం కథ చెబితే, అమ్మ బాలింతరాలుగా మంచం మీద కూర్చుని రూళ్ళ కాగితాల మీద తన దస్తూరీతో రాసి, ఆ రెండు కాగితాలూ ఆ పేజీల స్థానంలో పెట్టి కుట్టించింది. "ఈ వారం నేను రాలేదు, నా చెల్లెలొచ్చింది అని రాసింది చూడు రచయిత్రి" అని అమ్మ నన్ను ఆటపట్టించేది. చెల్లికి అది ప్రాణం.

"లేవే," అన్నాను.

"ఏవి?"

"బైండులు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాత పేపర్లతనికి ఇచ్చేశాను. అన్నీ."

చెల్లి చాలాసేపు మాట్లాడలేదు. బాబు పాలు తాగుతున్న చప్పుడొక్కటే. నేనే చెప్పుకుపోయాను. చెదలు పట్టాయని, అద్దె ఇంట్లో జాగా లేదని, ఓనరు తొందర పెట్టాడని, కిలో పది రూపాయలని, నలభై కిలోల పైన తూగాయని. ప్రతి ముక్కా నిజమే. ప్రతి ముక్కా నిన్న రాత్రి నేను మరిదికి చెప్పిన ముక్కే.

"ఒక్క ఫోన్ చెయ్యాల్సింది," అంది చివరికి. అంతే.

రెండు రోజులు నాతో పొడి మాటలే. శొంఠి కషాయం ఇస్తే తాగింది, థాంక్స్ అంది. అక్కాచెల్లెళ్ళ మధ్య థాంక్స్ వినడం ఎలా ఉంటుందో మీకు తెలుసుగా.

ఆ రెండు రోజులూ నేను ఆలోచించింది ఒకటే. అరుదైన వస్తువు అంటాం. ఏ వస్తువూ అరుదుగా పుట్టదు. ఆ వారపత్రిక లక్షల ఇళ్ళకి వెళ్ళింది. హేమోత్ కూడా ఏదో దుకాణంలో వరసగా పేర్చే ఉండి ఉంటుంది. మిగతావాళ్ళంతా నాలాగా, జాగా లేదని, చెదలని, ఇప్పుడెందుకని పారేశాక, ఎవరో ఒకరు పారేయకుండా ఉంచినదానికి ఆ పేరు వస్తుంది. ఆ మూడు వేలల్లో పాట ఖరీదు ఎంతో నాకు తెలీదు. నాలాంటివాళ్ళ వాటా మాత్రం అందులో ఉంది.

మూడో రోజు చెల్లి బాబుకి ఒక అట్టల పుస్తకం చూపిస్తోంది. 'తలుపు తట్టు!' అని అర్థం వచ్చే స్వీడిష్ పుస్తకం, 1992 నాటిది. ఆఫీసువాళ్ళు ఇచ్చారు. పేజీకో రంగు తలుపు. తట్టాలి, తిప్పాలి, లోపల ఎవరున్నారో చూడాలి. రాసి బొమ్మలేసినావిడ అన్నా-క్లారా టిడ్‌హోమ్. ఆ పేరు చూసి మరిది భయం భయంగా అన్నాడు, "వాళ్ళాయన టోమస్ టిడ్‌హోమ్. ఆయన కూడా తర్వాత పిల్లల పుస్తకాల రచయితే. అంతకుముందు ఈ హార్వెస్టర్‌లో పాడింది ఆయనే."

చెల్లి ఆ రికార్డు అడిగి తీసుకుంది. మూడు నెలల్లో మొదటిసారి దాన్ని చేత్తో పట్టుకోవడం. వెనక్కి తిప్పి, ఆ అమ్మాయి పేరు, ఆ కప్పు మరక చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూడకుండా ఆయనతో అంది, "అన్నీ అమ్మకండి. ఒక్క గోడకి సరిపోయేన్ని ఉంచుకోండి. కొత్తది రావాలంటే పాతది ఒకటి పోవాలి."

ఎనిమిది అమ్మాడు. ఆ డబ్బుతో మంచి ఉయ్యాల తొట్టి వచ్చింది. అదీ సెకండ్ హ్యాండే. నన్ను ఎయిర్‌పోర్టులో దింపేటప్పుడు చెల్లి గట్టిగా పట్టుకుంది గానీ, బైండుల మాట ఎత్తలేదు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆ రెండు రూళ్ళ కాగితాలు ఏ మిల్లులో నాని ముద్దయిపోయాయో, వాటికి మళ్ళీ అచ్చు లేదు.

వచ్చాక నాకొక అలవాటైంది. ఏలూరు రోడ్డు మీద పనుంటే లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్ల ముందు ఆగుతాను. పోటీ పరీక్షల గైడ్ల కిందా, ఇంజనీరింగు పుస్తకాల వెనకా వెతుకుతాను. "ఏం కావాలమ్మా?" అంటే "పాత బైండులు" అంటాను. అతను నవ్వుతాడు, "ఇప్పుడెక్కడివమ్మా". రెండు గంటలు వెతికి ఉత్త చేతులతో వచ్చినా మొహం వెలిగే ఉంటుందని మా ఆయన అంటారు.

పోయిన నెల ఒకటి దొరికింది. ఎర్ర కాలికో అట్ట, వెన్ను మీద చిరిగింది. అమ్మది కాదు. అమ్మది కాదని తీయకముందే తెలుసు, అయినా చేతులు వణికాయి. మొదటి పేజీ మీద నీలం సిరాతో ఎవరో ఒకావిడ పేరు, తెనాలి, 1981. మధ్యలో ఒక పేజీలో నూనె చుక్క. పోపు వేస్తూ చదివి ఉంటుంది. నూట యాభై అన్నాడు. బేరమాడలేదు.

ఫొటో తీసి చెల్లికి పంపాను. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"ఎవరిదే?"

"తెలీదు. పేరుంది."

ఇంకాసేపటికి, "పంపు" అని వచ్చింది.

దాని కింద మరిది రాసినట్టున్నాడు, "వదినా, మొదటి అచ్చేనా? మూలలు నలిగాయా?" అని.

మా పై వాటావాళ్ళ అబ్బాయి వచ్చే నెల స్టాక్‌హోమ్ వెళ్తున్నాడు. ఆవకాయ సీసాకి అంటకుండా రెండు కవర్లలో చుట్టి పెట్టాను.